కొరత నేర్పిన తీపి – చాక్లెట్టూ వేరుశెనగా కలిసిన కథ



మొన్న డిసెంబరు 17న పెన్షనర్ల దినోత్సవం నాడు మన సంఘ కార్యాలయంలో సభ ముగిసి టీ ఇచ్చే వేళకు నేనొక స్టీలు డబ్బా తెరిచి అందరి ముందూ పెట్టాను. అందులో ఉన్నవి నేను ఇంట్లో స్వయంగా చేసిన చాక్లెట్ శెనక్కాయ బిళ్ళలు. 1982లో అదే తేదీన సుప్రీంకోర్టు నకారా కేసులో తీర్పు ఇస్తూ, పెన్షను ప్రభుత్వం వేసే భిక్ష కాదు, ఉద్యోగి హక్కు అని తేల్చిన సంగతి వక్తలు మరొకసారి గుర్తుచేయగా అందరమూ కాస్త హుషారుగానే ఉన్నాం. డబ్బా అయిదు నిమిషాల్లో ఖాళీ అయింది. అయితే రెవెన్యూలో పనిచేసిన ఒక పెద్దాయన, నాకంటే రెండేళ్ళు సీనియరు, బిళ్ళను బుగ్గన పెట్టుకుని చప్పరిస్తూనే, "ఏమప్పా, ఈ వయసులో దొరల తిండి పట్టినావా?" అన్నారు.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. కానీ ఆ మాట లోపల గుచ్చుకుంది. ఎందుకంటే సరిగ్గా ఆ మాటే, 1988లో, నేను నా కన్నకూతురితో అన్నాను.

సంపాదకులు పక్కనే ఉన్నారు. "ఆ డబ్బా కథేదో సంక్రాంతి ప్రత్యేక సంచికకు రాసివ్వండి" అన్నారు. నేను చరిత్ర పండితుణ్ణి కాను. 1972లో ట్రెజరీలో గుమాస్తాగా చేరి, 2008లో సీనియర్ అసిస్టెంటుగా దిగిపోయినవాణ్ణి. రిటైరయ్యాక గ్రంథాలయంలో కూర్చుని పాత పుస్తకాలు తిరగేయడం అలవాటయింది. వోచరు లేని బిల్లు పాసు చెయ్యడం నాకు చేతకాదు. ఈ వ్యాసంలోనూ అదే పద్ధతి.

నెలాఖరు మాట

1988 డిసెంబరు. మా చిన్నమ్మాయికి అప్పుడు ఎనిమిదేళ్ళు. క్రిస్మస్ సెలవులు ఇచ్చేముందు రోజు బడిలో ఎవరో తోటిపిల్ల పుట్టినరోజని తలా ఒక చాక్లెట్ ముక్క పంచిందట. ఆ రుచి పిల్ల నాలుకను వదల్లేదు. 29వ తేదీ సాయంత్రం నాతోబాటు బజారుకు వచ్చి, ఒక దుకాణం గాజు బీరువా ముందు నిలబడిపోయింది. ఏమీ అడగలేదు. ఊరికే నిలబడింది.

ట్రెజరీ గుమాస్తా సంగతి మీకు తెలియనిది కాదు. ఊళ్ళో అందరి జీతాల బిల్లులూ పాసు చేసేది మేమే. 29వ తేదీకి మా జేబులో మిగిలేది మాత్రం బస్సు చార్జీయే. డబ్బుల్లేవని పిల్లతో చెప్పడం నాకు నామోషీ అనిపించింది. "అది దొరల తిండి తల్లీ. మనకు మన శెనక్కాయ ముద్ద ఉంది కదా, తాతముత్తాతల కాలంనాటి తిండి" అన్నాను. పిల్ల మారు మాట్లాడలేదు. ఇల్లు చేరేదాకా నా వేలు మాత్రం పట్టుకోలేదు.

ఆ ఒక్క మాటలో రెండు తప్పులున్నాయని రిటైరయ్యాక గానీ నాకు తెలిసిరాలేదు. చాక్లెట్టు దొరలు కనిపెట్టినదీ కాదు, వేరుశెనగ మన తాతముత్తాతలదీ కాదు. రెండూ అమెరికా ఖండాల నుంచి ఓడలెక్కి బయలుదేరినవే.

డబ్బుగా చెల్లిన గింజ

కోకో చెట్టు పుట్టిల్లు దక్షిణ అమెరికాలో అమెజాన్ నది ఎగువ ప్రాంతం. ఈక్వడార్ దేశంలో తవ్వకాల్లో దొరికిన పాత్రలను పరీక్షించి, సుమారు 5,300 ఏళ్ళ కిందటే అక్కడివారు కోకోను వాడేవారని 2018లో శాస్త్రజ్ఞులు ప్రకటించారు. అక్కడినుంచి అది మధ్య అమెరికాకు, మెక్సికోకు పాకింది. అక్కడి మాయా, ఆజ్టెక్ జనులు ఆ గింజలను పులియబెట్టి, ఎండబెట్టి, వేయించి, రాతిమీద నూరి నీళ్ళలో కలిపేవారు. మిరపపొడి, సువాసన కోసం వనిల్లా వంటివి వేసి, ఎత్తునుంచి ఒక పాత్రలోంచి మరో పాత్రలోకి పోసి నురగ తెప్పించి తాగేవారు. మనం కాఫీ తిరగబోసుకున్నట్లే అన్నమాట. చక్కెర మాత్రం లేదు.

ట్రెజరీవాణ్ణి కనుక నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది మరొక సంగతి. మెక్సికోలో కోకో గింజలు డబ్బుగా చెల్లేవి. స్పెయిన్ వారు వచ్చిన తరువాత కూడా ఆ వాడుక పోలేదు. 1545లో త్లస్కాలా అనే పట్టణంలో రాసిన ధరల పట్టీ ఒకటి నిలిచి ఉంది. దాని ప్రకారం పెద్ద టమాటా ఒకటి ఒక గింజ. సీమకోడి గుడ్డు మూడు గింజలు. మంచి సీమకోడి పెట్ట కావాలంటే నూరు నిండు గింజలు ఇవ్వాలి, ముడుచుకుపోయిన గింజలైతే నూట ఇరవై. నాసిరకం నాణేనికి వట్టం కట్టడమన్నమాట! దొంగనాణేలూ లేకపోలేదు. గింజలోని పప్పు తీసేసి, పొట్టులో మట్టి కూరి చెలామణీ చేసే ఘనులుండేవారు. డబ్బును నూరుకుని తాగగలిగినవాడు ఎవడు? రాజులు, యోధులు, పెద్ద వర్తకులు. పేదవాడికి అది పండుగపూట మాట.

1519లో కోర్టెస్ సేనలు మెక్సికోలో దిగాక ఈ పానీయం స్పెయిన్ చేరింది. అక్కడ మిరపపొడి తగ్గి చక్కెర చేరింది. ఈ చక్కెర దగ్గర మన ప్రసక్తి వస్తుంది. చెరకురసాన్ని కాచి గడ్డకట్టించే విద్య బాగా వృద్ధిపొందింది మన దేశంలో. అది పారశీకుల, అరబ్బుల చేతులమీదుగా పడమటికి పోయింది. 1493లో కొలంబస్ తన రెండో యాత్రలో చెరకును అమెరికా దీవులకు తీసుకుపోయాడు. మాటలు కూడా ఆ దారినే వెళ్ళాయి. మన శర్కర పోయి ఇంగ్లీషు వాడికి షుగర్ అయింది. మన ఖండమే పారశీకంలో కంద్ అయి, చివరకు ఈనాడు పిల్లలు కాండీ అంటున్న మాట అయింది. మనం కలకండ అంటున్నదీ అదే కుదురు. కాబట్టి చాక్లెట్ కాండీలో తీపి భాగం మన తరఫు పెట్టుబడి అని ధైర్యంగా చెప్పుకోవచ్చు.

తరువాత కథ త్వరగా చెబుతాను. 1753లో లిన్నేయస్ ఈ చెట్టుకు దేవతల ఆహారం అనే అర్థం వచ్చేలా శాస్త్రీయనామం పెట్టాడు. దేవతల సంగతి ఏమోగానీ యూరపులో అది చాలాకాలం ధనవంతుల పానీయమే. 1828లో హాలెండులో వాన్ హౌటెన్ కోకోలోని కొవ్వును పిండి వేరుచేసే యంత్రానికి పేటెంటు పొందాడు. 1847లో ఇంగ్లండులోని బ్రిస్టల్‌లో ఫ్రై కంపెనీ కొరికి తినే చాక్లెట్ బిళ్ళ చేసింది. 1875లో స్విట్జర్లాండులో డేనియల్ పీటర్ పాలను కలపగలిగాడు. ఆ తరువాతనే అది పిల్లల చేతికి వచ్చింది. మన దేశంలో క్యాడ్బరీ కంపెనీ 1948లో అడుగుపెట్టింది.

నేల కోకో

ఇక మన వేరుశెనగ. దాని పుట్టిల్లు దక్షిణ బొలీవియా, వాయవ్య అర్జెంటీనా ప్రాంతం. పెరూ దేశంలో సిపాన్ అనే చోట పదిహేడు వందల ఏళ్ళనాటి ప్రభువు సమాధి బయటపడింది. అందులో ఆయన మెడలో ఉన్న హారం బంగారంతో, వెండితో చేసిన వేరుశెనగ కాయలది! ఆ సమాధి బయటపడింది 1987లో. అంటే శెనక్కాయ మన తాతల సొత్తని నేను పిల్లకు చెప్పడానికి సరిగ్గా ఒక్క ఏడాది ముందు.

మెక్సికోలో నాహువాత్ల్ భాష మాట్లాడేవారు వేరుశెనగకు పెట్టిన పేరు త్లాల్‌కకావత్ల్. త్లాల్ అంటే నేల. కకావత్ల్ అంటే కోకో గింజ. నేలలో కాచే కోకో అని అర్థం. ఆ మాట మొదటి భాగం ఊడిపోయి, స్పెయిన్ భాషలో ఈనాటికీ వేరుశెనగను కకవాతే అనీ కకవెతే అనీ అంటున్నారు. మనవాళ్ళు చేసిందీ అదే కదా! తమకు తెలిసిన శెనగతో పోల్చి, వేరు దగ్గర కాస్తుంది గనుక వేరుశెనగ అన్నారు. వాళ్ళకు తెలిసినది కోకో, మనకు తెలిసినది శెనగ. అంతే తేడా. కోకోకూ వేరుశెనగకూ చుట్టరికం కలిపింది ఏ చాక్లెట్ కంపెనీయో కాదు, అయిదు వందల ఏళ్ళకు పూర్వపు మెక్సికో రైతులు.

పోర్చుగీసు, స్పెయిన్ ఓడల మీద వేరుశెనగ ఆఫ్రికాకూ ఆసియాకూ చేరింది. తమిళులు దాన్ని మణిలా కొట్టై అంటారు, ఫిలిప్పీన్స్‌లోని మనీలా పేరు మీద. పందొమ్మిదో శతాబ్దంలో మద్రాసు రాజధానిలో ఇది పెద్ద వ్యాపారపు పంట అయి, పాండిచ్చేరి రేవు నుంచి ఫ్రాన్సులోని మార్సేయ్ నూనె మిల్లులకు ఓడలకొద్దీ వెళ్ళేది. మన అనంతపురం జిల్లాలో కొర్రలు, సజ్జలు, జొన్నలు పండిన మెట్టచేలను ఇరవయ్యో శతాబ్దంలో ఇది ఆక్రమించింది. మా తాత జొన్నసంగటి మనిషి. మా నాయన శెనక్కాయ రైతు. నా చిన్నతనానికే ఇంట్లో వేయించిన శెనగ్గింజలు, బెల్లం కలిపి దంచిన ముద్దలు లేని సంక్రాంతి లేదు. ఒక్క తరంలోనే పరాయి పంట తాతముత్తాతలది అయిపోయింది.

టొరీనో ఉపాయం

చాక్లెట్టులోకి గింజలు ఎందుకు వచ్చాయి? రుచి కోసమే అనుకున్నాను చాలాకాలం. చరిత్ర చూస్తే మొదటి కారణం కొరతలా కనబడుతుంది.

ఇటలీ ఉత్తరాన టొరీనో పట్టణం చాక్లెట్ పనివాళ్ళకు పేరుపొందినది. 1806లో నెపోలియన్ బ్రిటిషు సరుకు యూరపులో దిగకూడదని ఆంక్ష పెట్టాడు. సముద్రాలమీద ఓడల రాకపోకలు దెబ్బతిని కోకో ప్రియమైపోయింది. టొరీనో వాళ్ళు చెప్పుకునే కథ ప్రకారం, అక్కడి పనివాళ్ళు చుట్టుపక్కల కొండల్లో విరివిగా కాచే హేజెల్ కాయల పప్పును వేయించి, మెత్తగా నూరి, ఉన్న కొద్దిపాటి కోకోలో కలిపారు. ఆ మిశ్రమంతో చేసిన బిళ్ళకు 1865లో కార్నివాల్ పండుగనాడు, ఆ పండుగలో వచ్చే జండూయా అనే హాస్యవేషం పేరు పెట్టారు. రెండో ప్రపంచయుద్ధం తరువాత మళ్ళీ కోకోకు కొరత వచ్చింది. టొరీనోకు దగ్గరలోని ఆల్బాలో పియెత్రో ఫెరెరో అనే మిఠాయి వ్యాపారి 1946లో అదే ఉపాయంతో ఒక మిఠాయి ముద్ద చేసి అమ్మాడు. ఆయన కొడుకు దాన్ని మార్చి 1964లో నూటెల్లా అనే పేరుతో సీసాలోకి దించాడు. ఇప్పుడు మన మనవలు రొట్టెకు రాసుకుని తింటున్న ఆ సీసా వెనుక ఉన్నది కొరతే.

ఇంట్లో చేసుకునే చాక్లెట్ మిఠాయి కథ కూడా చిన్నచేతులదే. అమెరికాలో వాసర్ అనే ఆడపిల్లల కళాశాలలో ఎమిలిన్ హార్ట్రిడ్జ్ అనే విద్యార్థిని 1888లో చక్కెర, పాలు, చాక్లెట్, వెన్న కాచి ఫడ్జ్ అనే మిఠాయి ముప్పై పౌన్లు, అంటే పదమూడున్నర కిలోల పైచిలుకు, కళాశాల వేలానికి చేసింది. తరువాత ఆ పిచ్చి మిగతా ఆడపిల్లల కళాశాలలకూ పాకింది. రాత్రిపూట గదుల్లో దీపాల మంటమీద రహస్యంగా కాచుకునేవారట. దానికి యంత్రాలు అక్కరలేదు. ఒక గిన్నె, ఒక గరిటె చాలు.

వేరుశెనగ పక్షాన నిలబడిన మహానుభావుడు జార్జ్ వాషింగ్టన్ కార్వర్. బానిస కుటుంబంలో పుట్టి, అలబామా రాష్ట్రంలోని టస్కీగీ విద్యాసంస్థలో వ్యవసాయ శాస్త్రజ్ఞుడయ్యాడు. పత్తి ఒక్కటే వేసి నేల సారం పోగొట్టుకున్న పేద నల్లజాతి రైతులకు వేరుశెనగ వెయ్యమని చెప్పాడు. పండించినది ఇంట్లోనే ఎలా వాడుకోవచ్చో చెబుతూ 1916లో 105 వంటకాలతో ఒక చిన్న పుస్తకం వేశాడు. సూపు మొదలు మిఠాయి వరకూ అందులో ఉన్నాయి. మెట్టరైతు కొడుకునైన నాకు ఆ పుస్తకం సంగతి చదివినప్పుడు, ఆయన మా ఊరికి వచ్చి చెప్పినట్లే అనిపించింది.

మా వంటింట్లో టొరీనో

ఇప్పుడు మళ్ళీ 1988కి వస్తాను. పిల్లకు నేను ఆ మాట చెప్పిన మరునాడు, అంటే 30వ తేదీ, జీతాల బిల్లుల ఒత్తిడిలో ఇంటికి వచ్చేసరికి రాత్రి తొమ్మిది దాటింది. వాకిట్లోకే బెల్లంపాకం వాసన, దానితోబాటు ఏదో కొత్త మాడువాసన. పిల్ల నిద్రపోకుండా కాచుకుని ఉంది. "నాన్నా, అమ్మ చాక్లెట్ చేసింది!" అని పళ్ళెం చూపించింది.

మా పక్కింటివారు క్రైస్తవులు. క్రిస్మస్‌కు కేకు చేసుకోగా డబ్బాలో కోకో పొడి మిగిలింది. మా ఆవిడ రెండు చెంచాలు అడిగి తెచ్చి, శెనక్కాయ పాకంలో నేతితో కలిపి, పళ్ళెంలో పోసి బిళ్ళలు కోసింది. సగం పళ్ళెం పక్కింటికి పంపింది. నేను ఒక ముక్క కొరికి, "ఇది చాక్లెట్ ఏమి? శెనక్కాయ అచ్చుకు మసి పూసినట్లుంది" అన్నాను. హాస్యానికి అన్నాననుకున్నాను. ఆమె చెయ్యి కడుక్కుంటూ, "పేరు ఏదైతేనేం, పిల్ల మీ వేలు మళ్ళీ పట్టుకుంటుంది లెండి" అంది. ముందురోజు సంగతి పిల్ల ఆమెకు చెప్పిందన్నమాట.

మా ఆవిడ అయిదో తరగతి దాటలేదు. టొరీనో పేరు ఆమె విననే లేదు. కానీ ప్రియమైనది చిటికెడు వేసి, ఇంట్లో పండేది గుప్పెళ్ళతో వేసి, పండుగ గడిపేయడం ఆమెకు ఎవరూ నేర్పనక్కరలేకపోయింది. నాకు మాత్రం ఆ సంగతి అర్థం కావడానికి నెపోలియన్ దాకా వెళ్ళి రావలసివచ్చింది.

గోదావరి కోకో

ఆ చిన్నమ్మాయినే గోదావరి ప్రాంతానికి ఇచ్చాం. అప్పుడు పశ్చిమ గోదావరి జిల్లా, 2022 నుంచి ఏలూరు జిల్లా. మా వియ్యంకుడిగారి కొబ్బరితోటలో మొదటిసారి కోకో చెట్టు చూసినప్పుడు నాకు నవ్వొచ్చింది. దొరల తిండి పిల్లకు కొనివ్వనన్న నేను, దొరల తిండి పండే ఇంటికే పిల్లనిచ్చాను!

చూడనివారి కోసం రాస్తున్నాను. కోకో నీడన పెరిగే చెట్టు. అందుకే కొబ్బరి, పామాయిల్ తోటల్లో అంతరపంటగా వేస్తారు. పనసలాగా కాయలు మానుకే కాస్తాయి. కాయ పగలగొడితే తెల్లని గుజ్జులో ముప్పై, నలభై గింజలుంటాయి. గుజ్జు సీతాఫలంలా నోటికి తియ్యపుల్లగా ఉంటుంది. గింజను కొరికితే చేదు. గుజ్జుతో సహా పెట్టెల్లో పోసి, మధ్యమధ్య తిరగేస్తూ, అయిదారు రోజులు పులియబెడతారు. కుప్పలో చెయ్యి పెడితే వేడి, దగ్గరకు పోతే పులిసిన కల్లువాసన. ఈ పులియబెట్టడం సరిగా లేకపోతే ఎంత వేయించినా చాక్లెట్ వాసన రాదు. తరువాత ఎండలో ఆరబోస్తారు. మన దేశంలో కోకో వ్యాపారపు పంటగా 1960లలో కేరళలో ఊపందుకుంది. తరువాత గోదావరి జిల్లాలు అందుకుని, ఇప్పుడు దేశంలో ఎక్కువ కోకో పండించే రాష్ట్రం ఆంధ్రప్రదేశ్ అయింది. గోదావరి కోకోతోనే చాక్లెట్లు చేసే దుకాణం ఒకటి 2023లో హైదరాబాదులో వెలిసింది.

అయితే రైతు సంగతి వేరు. 2024లో పడమటి ఆఫ్రికాలోని ఐవరీకోస్ట్, ఘానా దేశాల్లో చెట్లకు తెగులు, వాతావరణం ప్రతికూలించడం వల్ల ప్రపంచ విపణిలో కోకో టన్ను పదివేల డాలర్లు దాటింది. మన దగ్గర కూడా కిలో ఎండుగింజలు వెయ్యి రూపాయల దరికి వెళ్ళాయి. 2025లో ధర సగానికి పడిపోయి, రైతులు రోడ్డెక్కవలసివచ్చింది. "ధర పెరిగినప్పుడు మా దగ్గర సరుకుండదు బావగారూ, సరుకున్నప్పుడు ధరుండదు" అన్నారు మా వియ్యంకుడు. వాన రాక శెనక్కాయ ఎండిన ఏళ్ళూ, పండితే ధర పడిన ఏళ్ళూ చూసిన అనంతపురం వాడికి ఆ మాట వివరించనక్కరలేదు. నేల కోకో అయినా, చెట్టు కోకో అయినా రైతు కథ ఒక్కటే.

చేసే విధం

ఇక డబ్బా ఖాళీచేసినవారు అడిగిన సంగతి. రెండు పద్ధతులు రాస్తాను.

మొదటిది మా ఆవిడ పద్ధతి. వేరుశెనగ గింజలు పావుకిలో, బెల్లం 200 గ్రాములు, తీపి కలపని కోకో పొడి రెండు పెద్ద చెంచాలు, నెయ్యి రెండు పెద్ద చెంచాలు, ఉప్పు చిటికెడు. గింజలు సన్నని సెగన ఓపికగా వేయించి, పొట్టు నలిచి, చేటలో చెరగండి. కోకో పొడిని వేడినేతిలో ఉండలు లేకుండా కలిపి పక్కన పెట్టుకోండి. బెల్లంలో కొద్దిగా నీళ్ళు పోసి కరిగించి, వడకట్టి, ముదురు పాకం రానివ్వండి. చన్నీళ్ళలో చుక్క వేస్తే గట్టిపడి, పళ్ళానికి కొడితే టంగుమనాలి. పొయ్యి ఆర్పాకనే కోకో నెయ్యి, ఉప్పు, గింజలు కలపాలి. మంటమీద కలిపితే కోకో మాడి చేదెక్కుతుంది. నెయ్యి రాసిన పళ్ళెంలో పోసి, గిన్నె అడుగుతో అదిమి, వేడిమీదనే గాట్లు పెట్టండి. కట్టుడుపళ్ళ మిత్రులు గింజలు పలుకుగా దంచి, పాకం ఉండపాకం దగ్గరే ఆపి, ముద్దలు కట్టుకోవచ్చు.

రెండోది సులభం, మనవలతో కలిసి చెయ్యదగినది. చాక్లెట్ పలక 200 గ్రాములు, వేయించి పొట్టుతీసిన గింజలు 200 గ్రాములు. కొనేటప్పుడు అట్టమీద కోకో బటర్ అని ఉందో, ఇతర వనస్పతి కొవ్వు అని ఉందో చూడండి. రెండోది చవక, కరిగించడమూ తేలిక, కానీ రుచి తక్కువ. ఒక గిన్నెలో నీళ్ళు కాచి, సెగ తగ్గించి, దానిమీద నీళ్ళు తగలకుండా మరో గిన్నె పెట్టి, అందులో చాక్లెట్ ముక్కలు కరిగించండి. మూత పెట్టవద్దు. నేను మొదటిసారి పెద్ద తెలివితో మూత పెట్టాను. మూతకు పట్టిన ఆవిరి నాలుగు చుక్కలై పడి, చాక్లెట్ మొత్తం పిట్టులాగా విరిగిపోయింది. మనవరాలు అరగంట నవ్వింది. కరిగిన చాక్లెట్లో గింజలు కలిపి, వెన్న కాగితం మీద చెంచాతో చిన్న కుప్పలుగా పెడితే, మన ఊరి డిసెంబరు చలికి అరగంటలో గట్టిపడతాయి.

మూడు జాగ్రత్తలు. బూజువాసన, చేదు ఉన్న వేరుశెనగ గింజను నిర్దాక్షిణ్యంగా పారేయండి, అందులో విషపదార్థం ఉండవచ్చు. కొందరు పిల్లలకు వేరుశెనగ సరిపడదు, పొరుగు పిల్లలకు పెట్టేముందు వాళ్ళ అమ్మను అడగండి. షుగరున్న మనబోటివాళ్ళం ఒక ముక్కతో ఆగాలి. బెల్లం కదా ఏమీ కాదనుకోవడం మనల్ని మనం మోసగించుకోవడమే.

ముక్తాయింపు

రెవెన్యూ మిత్రునికి ఆ రోజు సభలో ఇవ్వలేకపోయిన జవాబు ఇదీ. అయ్యా, ఇది దొరల తిండి కాదు. కోకో మెక్సికో రైతుది, వేరుశెనగ బొలీవియా రైతుది, తీపి మనది. ఈ బిళ్ళలో ఉన్న గింజలు మా అన్నగారి చేలోవి, కోకో వియ్యంకుడిగారి తోటది. పద్ధతి మా ఇంటిది.

మా ఆవిడ 2017లో కాలం చేసింది. ఆ రాత్రి ఆమె చేసిన బిళ్ళకు నేను ఆబ్జెక్షను రాసి తిప్పి పంపాను. ఆమె బతికున్న ఇరవై ఎనిమిదేళ్ళలో ఒక్కసారీ ఆ ఆబ్జెక్షను కొట్టివెయ్యలేదు. చిన్నమ్మాయి మాత్రం ఏటా సంక్రాంతికి వచ్చి, అమ్మ చాక్లెట్ అనే పేరుతోనే అది చేయించుకుంటుంది. ఈసారి ఆ బిల్లును నేను ఈ సంచిక ద్వారా, ఆలస్యానికి చింతిస్తూ, పాసు చేస్తున్నాను. అది చాక్లెట్టే.

సభ్యులందరికీ, వారి పిల్లాపాపలకూ నూతన సంవత్సర, సంక్రాంతి శుభాకాంక్షలు. వచ్చే సభకు మీలో ఎవరైనా ఒక డబ్బా చేసి తెండి. రుచి చూసి చెప్పే బాధ్యత రెవెన్యూవారిదీ, నాదీ.